చీకటి కళ్లద్దానికి వేడిచూపు

నైట్ విజన్ గాగుల్స్ పెట్టుకుని మొదటిసారి చీకట్లో నడిచినవాళ్లు ఎవరైనా ముందు అనే మాట, "అబ్బ, అన్నీ కనపడుతున్నాయే!" అని. చెట్టు మొదలు, పొలం గట్టు, ముళ్లకంచె, మామూలు కంటికి అందని చుక్కలు కూడా. కాసేపయ్యాక రెండో మాట వస్తుంది. అన్నీ కనపడుతున్నాయి గానీ వెతుకుతున్నది మాత్రం కనపడటం లేదు అంటారు. పొద వెనక కదలకుండా పడుకున్న పంది, కొమ్మల నీడలో నిలబడ్డ మనిషి ఆ ఆకుల్లోనే కలిసిపోతారు. ఆ గాగుల్స్ చేసేది ఉన్న కాస్త వెలుతురును వేల రెట్లు పెంచడం, అంతే. పొదలో దాక్కున్నది పట్టపగలే మన కంటపడదు, ఇక రాత్రిని పగలు చేసినంత మాత్రాన ఎలా పడుతుంది?

వెలుతురును కాక వేడిని చూసే థర్మల్ కెమెరా తంతు దీనికి తలకిందులు. పంది తెల్లగా మెరుస్తూ వెంటనే దొరుకుతుంది. కానీ మీ కాలి ముందున్న గుంట తెలియకపోవచ్చు, గోడమీద రాసిన అక్షరం తెలియదు, ఎదురుగా వస్తున్న మనిషి మనవాడో పరాయివాడో మొహం పోల్చుకోలేం.

ఈ రెండు చూపుల్నీ ఒకే కంటికి ఒకేసారి అందించే చిన్న పరికరం ఒకటుంది. గాగుల్ మూతికి తగిలించుకుంటారు. క్లిప్-ఆన్ థర్మల్ ఇమేజర్ అని దాని పేరు. అరచేతిలో ఇమిడిపోతుంది. ధర మాత్రం అమెరికాలో వేల డాలర్లు. కొనేవాళ్లు ఏం చూసి కొనాలి అన్నది ఇవాళ్టి మాట.

ఈ విషయం నన్ను అడిగినవాడు మా అన్నయ్య కొడుకు. టెక్సస్‌లో ఉంటాడు. ఊరి బయట కాస్త భూమి కొన్నాడు, కొన్నాక తెలిసింది అది పందుల రాజ్యమని. ఆ రాష్ట్రంలో అడవిబాట పట్టిన పందులు లక్షల్లో ఉన్నాయి. రాత్రికి రాత్రే గడ్డినేలను దుక్కి దున్నినట్టు తిరగేసి పోతాయి. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే వాటిని రాత్రిపూట వేటాడటానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. మన దగ్గర సంగతి వేరు. మొక్కజొన్న, వేరుశనగ వేసిన మన రైతులకీ అడవిపందులతో అదే గోడు. అయినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి మనిష్టం వచ్చినట్టు కొట్టడానికి లేదు. మావాడి దగ్గర అప్పటికే ఒక గాగుల్ ఉంది. "థర్మల్ క్లిప్ కొందామనుకుంటున్నా బాబాయ్, 320 పిక్సెల్స్‌ది తీసుకోమంటావా, 640ది తీసుకోమంటావా?" అన్నాడు. ఉద్యోగమంతా లెన్సుల మధ్యే గడిపినవాణ్ణి కదా, వెంటనే చెప్పేస్తాననుకున్నాడు. "పిక్సెల్స్ సంగతి తర్వాత, ముందు అది నీ గాగుల్ లోపలికి ఎలా వెళుతుందో తెలుసుకో" అన్నాను. మీకూ అక్కణ్ణించే చెబుతాను.

గాగుల్ లోపల ఒక గొట్టం ఉంటుంది. ఇమేజ్ ఇంటెన్సిఫయర్ ట్యూబ్ అంటారు. ముందు లెన్సులోంచి వచ్చిన చుక్కల వెలుతురు ఒక పలచని పూత మీద పడుతుంది. వెలుతురు పడ్డచోట ఎలక్ట్రాన్లు ఊడి వస్తాయి. వాటి దారిలో లక్షల సూక్ష్మమైన రంధ్రాలున్న గాజు బిళ్ల ఒకటి ఉంటుంది. ఒక్కో రంధ్రంలోకి వెళ్లిన ఎలక్ట్రాను గోడలకు కొట్టుకుంటూ, మరికొన్నింటిని రాల్చుకుంటూ, అవతలికి వేలల్లో వస్తుంది. అవన్నీ పోయి ఫాస్ఫర్ తెరకు తగిలితే తెర వెలుగుతుంది. మనం చూసేది ఆ తెరనే. ఆకుపచ్చ ఫాస్ఫర్ అయితే లోకమంతా ఆకుపచ్చ, తెల్లది అయితే నీలి తెలుపు. ఈ గొట్టానికి మన కంటికి కనపడే వెలుతురూ, దాన్ని దాటి కాస్త పరారుణమూ తెలుస్తాయి. సుమారు 900 నానోమీటర్ల దగ్గర దాని చూపు ఆగిపోతుంది.

మనిషి ఒంటి వేడి ఆ హద్దుకు చాలా అవతల ఉంటుంది. మన చర్మం వెలువరించే వికిరణం తొమ్మిది, పది మైక్రాన్ల దగ్గర ఎక్కువగా ఉంటుంది. నానోమీటర్లలో చెప్పాలంటే 9,000 పైన. గాగుల్‌కు అది ఏ రకంగానూ అందదు. ఆ వేడిని పట్టుకోవాలంటే వేరే సెన్సర్ కావాలి. దాన్ని మైక్రోబోలోమీటర్ అంటారు. వేడి తగిలితే విద్యుత్ నిరోధం మారే సన్నని పొరల గడులు, వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. వెనకటి థర్మల్ కెమెరాల సెన్సర్లను ద్రవ నైట్రోజన్ అంత చల్లగా ఉంచాల్సి వచ్చేది. చల్లబరచాల్సిన పనిలేని ఈ రకాన్ని అమెరికాలో హనీవెల్ సంస్థ సైన్యం కోసం తయారుచేసింది. 1992లో ఆ పరిజ్ఞానం మీద రహస్యపు ముద్ర తీసేశాకే థర్మల్ కెమెరా జేబులోకి వచ్చే దారి పడింది.

దీని లెన్సు కూడా గాజు కాదు. గాజును ఆ వేడి కిరణాలు దాటవు. అందుకని జర్మేనియం వాడతారు. చేతిలోకి తీసుకుంటే బరువుగా, మెరిసే లోహపు బిళ్ల అనిపిస్తుంది. అందులోంచి అవతలిది ఏమీ కనపడదు. వక్రీభవన గుణకం 4 కాబట్టి పూత వేయకపోతే వచ్చిన కిరణాల్లో మూడోవంతుకు పైగా మొదటి ఉపరితలమే వెనక్కి కొట్టేస్తుంది. లెన్సు మీద పూత గీసుకుపోయిన పరికరాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొనవద్దనేది ఇందుకే. చైనా 2023 ఆగస్టు నుంచి జర్మేనియం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. లెన్సుల ధర మీద ఆ సెగ తగిలింది.

ఇప్పుడు అసలు కిటుకు. ఈ వేడి బొమ్మను గాగుల్‌లోకి పంపడం ఎలా? గాగుల్‌ను విప్పి వైర్లు కలపరు. క్లిప్ పరికరంలోనే ఒక బుల్లి తెర ఉంటుంది. ఆ తెర మీది బొమ్మను ఒక చిన్న లెన్సు, ఒక అద్దం కలిసి గాగుల్ ముందు లెన్సులోకి విసురుతాయి. గాగుల్ లెన్సులో కొంత భాగానికి ఆ అద్దం అడ్డు నిలుస్తుంది, మిగతా భాగంలోంచి బయటి దృశ్యం వస్తుంది. రెండూ గొట్టంలో ఒకదాని మీద ఒకటి పడతాయి. రాత్రి బస్సులో కిటికీ అద్దం వంక చూస్తే బయటి చెట్లూ లోపలి దీపమూ ఒకేసారి కనపడతాయి చూడండి, అచ్చం అలాగే.

ఈ అమరిక అర్థమైతే కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్నల్లో సగం వాటంతటవే పుడతాయి.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది వెలుగు తగ్గించుకునే వీలు గురించి. గాగుల్ గొట్టానికి ఒక స్వభావం ఉంది. లోపలికి వెలుతురు ఎక్కువ వస్తే తనంతట తాను తగ్గించుకుంటుంది. వీధి దీపం చూపులో పడితే చుట్టుపక్కల చీకటి మరింత నల్లబడేది అందుకే. క్లిప్‌లోని బుల్లి తెర కూడా గొట్టానికి ఒక దీపమే. మన కంటికి ఆ తెర మసకగానే అనిపించవచ్చు, కానీ చుక్కల వెలుతురు కోసం కాచుకుని కూర్చున్న గొట్టానికి అది పెద్ద వెలుగు. తెర కాంతి బాగా కిందికి దిగకపోతే పంది మెరుస్తుంది, నడిచే దారి ఆరిపోతుంది. రెండు చూపుల కోసం డబ్బు పోసి ఒక చూపు పోగొట్టుకున్నట్టే. చవక పరికరాలు ఎక్కువగా తేలిపోయేది ఇక్కడే. ప్రకటనల్లో ఎంత పెద్ద వెలుగు ఇస్తుందో రాస్తారు గానీ, ఎంత చిన్న వెలుగు ఇవ్వగలదో ఎవరూ రాయరు. మనకు కావలసింది ఆ రెండోదే.

ఇందుకే మంచి క్లిప్‌లలో అంచులు మాత్రమే గీసే పద్ధతి ఒకటి పెడతారు. జంతువు మొత్తాన్నీ తెల్లగా నింపకుండా దాని చుట్టూ సన్నని గీత గీస్తుంది. తెర మీద వెలిగే భాగం తగ్గుతుంది, గొట్టం కుంగదు. ఆ గీత లోపల గాగుల్ చూపించే అసలు రూపం అలాగే ఉంటుంది. బాగా వేడిగా ఉన్నవాటిని మాత్రమే చూపించి మిగతా తెరంతా నల్లగా ఉంచే పద్ధతి మరొకటి. నడుస్తున్నంతసేపూ అది చాలు. నా మటుకు నాకు, ఈ రెండు పద్ధతులూ లేని క్లిప్ ఎన్ని పిక్సెల్స్‌దైనా వద్దు.

ఇక ఫోకస్. తెర మీది బొమ్మ అనంత దూరం నుంచి వస్తున్నట్టుగా లెన్సు అమర్చి ఉంటుంది. గాగుల్‌ను దూరానికి ఫోకస్ చేసినప్పుడు రెండు బొమ్మలూ స్పష్టంగా ఉంటాయి. మ్యాపు చూడటానికో, తలుపు తాళం తీయటానికో దగ్గరికి ఫోకస్ చేస్తే వేడి బొమ్మ అలుక్కుపోతుంది. ఇది లోపం కాదు, అమరికే అంత. దానికి తోడు క్లిప్ కన్ను, గాగుల్ కన్ను పక్కపక్కన ఉంటాయి. వాటి మధ్య నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉందనుకుందాం. రెండు మీటర్ల దూరంలోని మనిషి మీద వేడి బొమ్మ ఒక డిగ్రీకి పైగా పక్కకు జరిగి పడుతుంది, అంటే భుజం మీద ఉండాల్సిన గీత గాలిలో ఉంటుంది. యాభై మీటర్ల దూరానికి ఆ తేడా ఒక డిగ్రీలో ఇరవయ్యోవంతు కూడా ఉండదు. కాబట్టి గదిలో పెట్టి చూసి "బొమ్మలు కలవటం లేదు" అని వెనక్కి ఇచ్చేయకండి. ఆరుబయట, దూరంలో ఉన్నదాని మీద చూడండి. అక్కడా కలవకపోతే అప్పుడు బొమ్మను జరుపుకునే మీటలు ఉన్నాయో లేదో చూడాలి. ఉంటే సరిచేసుకోవచ్చు. లేకపోతే నమస్కారం పెట్టి వచ్చేయడమే.

ఇప్పుడు మావాడి పిక్సెల్స్ దగ్గరికి వద్దాం. గాగుల్ సాధారణంగా 40 డిగ్రీల మేర చూపిస్తుంది. ఈ రకానికి పేరు తెచ్చిన అమెరికా పరికరం కోటీ. ఆప్టిక్స్ 1 అనే సంస్థది. అది ఆ 40 డిగ్రీల నడిమధ్యన 20 డిగ్రీల వలయంలో మాత్రమే వేడి చూపిస్తుంది. సెన్సర్ 320 పిక్సెల్స్ వెడల్పు. ఇరవై డిగ్రీలకు 320 అంటే డిగ్రీకి 16 పిక్సెల్స్. వంద మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ సుమారు 11 సెంటీమీటర్ల మేర కప్పుతుంది. ఐదున్నర అడుగుల మనిషి అక్కడ నిలబడితే నిలువున 15, 16 పిక్సెల్స్, అడ్డంగా నాలుగైదు. ఆకారం తెలుస్తుంది, మనిషని తెలుస్తుంది. అతణ్ణే 300 మీటర్లకు పంపండి. నిలువున ఐదు, అడ్డంగా ఒకటిన్నర. తెల్లటి నలుసు. అది మనిషో, దూడో, ఎండకు కాగిన బండరాయో చెప్పలేం.

అయినా పెట్టె మీద "మనిషిని 340 మీటర్ల దూరం నుంచి కనిపెడుతుంది" అని రాస్తే అబద్ధమని అనలేం. అమెరికా సైన్యపు ప్రయోగశాలలో జాన్ జాన్సన్ అనే ఆయన 1958లో కొన్ని కొలతలు చెప్పాడు. ఒక వస్తువు అడ్డుకొలత మీద రెండు పిక్సెల్స్ పడితే ఏదో ఉందని కనిపెట్టవచ్చు, అదేమిటో గుర్తుపట్టాలంటే ఎనిమిది కావాలి, ఫలానాది అని తేల్చాలంటే పన్నెండు, పదమూడు కావాలి అని ఆ కొలతల సారాంశం. ఈ లెక్కల్లో మనిషి అడ్డుకొలత ముప్పావు మీటరని పెట్టుకోవడం రివాజు. మన 320 క్లిప్‌కు లెక్క కడితే, కనిపెట్టడం సుమారు 340 మీటర్లు. గుర్తుపట్టడం 85. తేల్చడం 55 కూడా దాటదు. అమ్మేవాడు మొదటి అంకె పెద్దక్షరాల్లో వేస్తాడు, మిగతా రెండూ మీరు లెక్క వేసుకోవాల్సిందే. అదీ రాత్రి పొడిగా, చల్లగా ఉంటేనే.

ఇదే కోణానికి 640 పిక్సెల్స్ ఉంటే ఆ దూరాలు రెట్టింపవుతాయి, నిజమే. కానీ చాలా కంపెనీలు 640 ఇస్తూ కోణాన్ని కూడా పెంచుతాయి. నలభై డిగ్రీలకు 640 అంటే మళ్లీ డిగ్రీకి 16 పిక్సెల్సే. దూరం పెరగలేదు, వలయం వెడల్పైంది. అది మంచిదే, తల తిప్పకుండా ఎక్కువ మేర చూడొచ్చు. కానీ డబ్బు దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి. అందుకే పిక్సెల్స్ అంకెను ఒంటరిగా చూడకుండా కోణంతో భాగించి చూడమంటాను.

మావాడితో నేను వాదించింది ఇంకొకటి ఉంది. వేడి బొమ్మతో గుర్తుపట్టాల్సిన పని అసలెందుకు? అదేమిటో చూపించడానికి గాగుల్ ఉంది కదా. దాని గొట్టం మంచిదైతే మిల్లీమీటరుకు 64 జతల గీతల్ని విడదీసి చూపిస్తుంది. డిగ్రీల లెక్కన అది ఈ థర్మల్ కన్నా మూడు రెట్లకు పైగా పదును. క్లిప్ పని జాడ చెప్పడం, "అదుగో అక్కడ ఏదో ఉంది" అనడం. ఆ తర్వాత అదేమిటో తేల్చడం గాగుల్ పని. అలా పంచుకుంటే జాడ త్వరగా, సరైన చోట, మన చూపు చెడగొట్టకుండా చెప్పే క్లిప్‌కే మార్కులు వేయాలి. అందమైన బొమ్మ చూపించే క్లిప్ యూట్యూబ్ వీడియోలో బాగుంటుంది.

"త్వరగా" అన్నాను కదా, ఆ సంగతి. సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుతుందో హెర్ట్జ్‌లలో చెబుతారు. అమెరికా ఎగుమతి నియమాల వల్ల చాలా థర్మల్ కెమెరాలు 9 హెర్ట్జ్‌కు కుదించి అమ్ముతారు. చేత్తో పట్టుకుని గోడలో తేమ వెతకడానికి అది చాలు. తలకు పెట్టుకుంటే చాలదు. మామూలుగా చుట్టూ చూస్తున్నప్పుడు తల సెకనుకు 60 డిగ్రీల వేగంతో తిరిగిందనుకుంటే, 9 హెర్ట్జ్ బొమ్మ ఆరేడు డిగ్రీలు వెనకబడుతుంది. మీ 20 డిగ్రీల వలయంలో అది మూడోవంతు. చెట్లు ముందు వెళ్లిపోతాయి, పంది తర్వాత వస్తుంది. కాసేపటికి కడుపులో తిప్పినట్టుంటుంది. 50, 60 హెర్ట్జ్ ఉంటే ఆ తేడా ఒక డిగ్రీ చుట్టుపక్కల ఉంటుంది. పిక్సెల్స్‌లో రాజీ పడండి, దీనిలో మాత్రం పడకండి.

సున్నితత్వాన్ని మిల్లీకెల్విన్లలో చెబుతారు. 50 అంటే డిగ్రీలో ఇరవయ్యోవంతు తేడా కూడా పట్టుకుంటుందని. అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. చలికాలంలో, ఎండిన నేల మీద ఎవరిదైనా బాగానే పనిచేస్తుంది. పరీక్ష వేసవిలో. మే నెల రెంటచింతలను తలచుకోండి. పగలంతా కాగిన బండలు రాత్రి పది గంటలకు కూడా మనిషి ఒంటి వేడి దగ్గరే ఉంటాయి. టెక్సస్ ఆగస్టు కూడా ఇంతే. పొద్దుగూకే వేళా తెల్లవారే వేళా నేలా, చెట్టూ, జంతువూ దాదాపు ఒకే వేడికి వచ్చే సమయం ఒకటుంటుంది. ఆ కాస్సేపూ థర్మల్ చేతులెత్తేస్తుంది. వాన, దట్టమైన పొగమంచు కూడా దాన్ని దెబ్బతీస్తాయి. పలచటి పొగ మాత్రం ఏమీ చేయదు, గాగుల్ గుడ్డిదైపోయే చోట థర్మల్‌కు దారి కనపడుతుంది. కారు అద్దం విషయంలో వరస తారుమారు. లోపల కూర్చున్న మనిషి గాగుల్‌కు కనపడతాడు, థర్మల్‌కు కనపడడు. అద్దం వెనక ఎవరూ లేరని థర్మల్ మాట నమ్మి దగ్గరికి వెళ్లకూడదు.

చిన్న చిన్న సంగతులు కొన్ని గబగబా చెప్పేస్తాను. చాలా థర్మల్ పరికరాలు మధ్యమధ్యలో ఒక బుల్లి తలుపు వేసుకుని సెన్సర్‌ను సరిచేసుకుంటాయి. టక్కుమని చప్పుడు, అరసెకను బొమ్మ నిలిచిపోవడం. నిశ్శబ్దపు రాత్రి చెవి పక్కన ఆ టక్కు చిన్నదేమీ కాదు. జంతువు దగ్గరున్నప్పుడు దాన్ని ఆపుకునే మీట ఉండాలి. బ్యాటరీ విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. గాగుల్ ఒక పెన్సిల్ సెల్లుతో 40 గంటలు దాటి నడుస్తుంది. క్లిప్ కొన్ని గంటల్లోనే బ్యాటరీ తాగేస్తుంది, కాబట్టి చీకట్లో చేత్తో తడుముకుంటూ బ్యాటరీ మార్చగలరో లేదో చూసుకోండి. బరువు సంగతి చెప్పాలి. పీవీఎస్-14 అనే ఒంటికంటి గాగుల్ 350 గ్రాముల చిల్లర. దాని మూతికి మరో 150 గ్రాములు వేలాడదీస్తే, ఆ బరువు నుదుటికి జానెడు ముందు ఉంటుంది కాబట్టి మెడకు పడే గుంజుడు అంకెలో కనిపించే దానికన్నా ఎక్కువ. హెల్మెట్ వెనక సమానంగా బరువు కట్టుకుంటారు కొందరు. తల మొత్తం బరువెక్కినా మెడ మాత్రం సుఖపడుతుంది.

తగిలించే పట్టీ మీ గాగుల్ మూతి కొలతకు సరిపోవాలి. గాగుల్ మారితే పట్టీ మారుతుంది, దాని ధర వేరు. పట్టీ వదులుగా ఉండి క్లిప్ కాస్త పక్కకు తిరిగిందా, వేడి బొమ్మ మొత్తం వాలిపోతుంది, నిలబడ్డ మనిషి మీద పడబోతున్న మనిషి గీత పడుతుంది. రెండు గొట్టాల గాగుల్ ఉన్నవాళ్లు సాధారణంగా ఒక కంటికే క్లిప్ పెడతారు, రెండు కళ్ల బొమ్మల్నీ మెదడు కలుపుకుంటుంది. అందరి మెదడూ ఒక్కలా కలుపుకోదు. కొందరికి తలనొప్పి. మీకు ఏ కన్ను బలమైనదో చూసుకుని రెండువైపులా పెట్టి చూడండి. మరొక జాగ్రత్త. తుపాకీ స్కోపు ముందు తగిలించే థర్మల్‌ను కూడా క్లిప్-ఆన్ అనే అంటారు. దాని బొమ్మ, బరువు, కోణం అన్నీ స్కోపు కోసమే. పేరు చూసి అది తెప్పించుకుని గాగుల్‌కు కట్టుకోలేరు.

సైన్యాలు ఈ తగిలింపు దగ్గర ఆగలేదు. రెండు చూపుల్నీ పుట్టుకతోనే కలిపిన గాగుల్స్‌ను అమెరికా సైన్యం పీఎస్‌క్యూ-20 పేరుతో మొదలుపెట్టి, ఇప్పుడు ఎల్3హారిస్ తయారుచేసే రెండు గొట్టాల ఈఎన్‌వీజీ-బి దాకా తెచ్చింది. అవి బజారులో దొరికేవి కావు. అప్పటికే లక్షల్లో ఉన్న పాత గాగుల్స్‌ను పారేయకుండా థర్మల్ ఇవ్వడానికి క్లిప్ పుట్టింది. ఈ విద్య మన నేలకూ దూరమైంది కాదు. బందరులో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా మొదలైన కర్మాగారం 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చింది. మన సైన్యం వాడే నైట్ విజన్ పరికరాలు అక్కడ తయారవుతాయి. అదే సంస్థ కృష్ణా జిల్లా నిమ్మలూరులో కొత్త కర్మాగారం కూడా కట్టింది.

ఇది చెబితే మావాడు, "అయితే నాన్న కోసం ఒక గాగుల్ సూట్‌కేసులో పెట్టుకొస్తా బాబాయ్" అన్నాడు. "ఒరే, ఆ పని మాత్రం చెయ్యకు" అన్నాను. అమెరికాలో తయారైన మూడో తరం గొట్టాల గాగుల్స్‌ను అక్కడి ఆయుధ ఎగుమతి చట్టాల కిందే లెక్కిస్తారు. కొనుక్కోవడం, ఇంట్లో ఉంచుకోవడం వేరు, లైసెన్సు లేకుండా దేశం దాటించడం వేరు. రెండోది నేరం. సరదాగా తెచ్చినా, మళ్లీ తీసుకెళ్లిపోతానన్నా అంతే. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ ఒక్క మాట ఇంట్లోవాళ్లు గట్టిగా చెప్పండి.

ఇంతా చెప్పాక మావాడికి నేను క్లిప్ కొనమని చెప్పలేదు. వాడి పని గట్టు మీద ఒకచోట కూర్చుని పొలమంతా కలయజూడటం. దానికి చేత్తో పట్టుకునే థర్మల్ మోనోక్యులర్ చాలు. అదే డబ్బుకు పెద్ద లెన్సు, సన్నటి కోణం, ఎక్కువ దూరం వస్తాయి. జాడ దొరికాక దాన్ని జేబులో పెట్టి గాగుల్‌తో నడిచి వెళ్లొచ్చు. రెండు చేతులూ ఖాళీ లేనివాళ్లకు, నడుస్తూనే వెతకాల్సినవాళ్లకు క్లిప్ అక్కరకు వస్తుంది. చీకట్లో తప్పిపోయినవాళ్లను వెతికే దళాలు, అడవిలో గస్తీ తిరిగేవాళ్లు అలాంటివాళ్లు. మిగతావాళ్లలో చాలామంది ముచ్చటపడి కొంటున్నారని నా అనుమానం.

ముచ్చటైనా అవసరమైనా కొనడానికే నిశ్చయించుకున్నారా, అయితే కొట్టుకు పగలు వెళ్లకండి. పొద్దుగూకాక, మీ సొంత గాగుల్ పట్టుకుని వెళ్లండి. గోడ మీద అరచెయ్యి ఐదు సెకన్లు ఆనించి తీసేయండి, చేతి ముద్ర గోడ మీద ఎంతసేపు నిలుస్తుందో, వేళ్లు విడివిడిగా కనపడుతున్నాయో చూడండి. తల అటూ ఇటూ విసురుగా తిప్పి బొమ్మ వెనకబడుతోందా చూడండి. తెర వెలుగు కిందికల్లా దించి, చుట్టూ చీకట్లోని చెట్టు కొమ్మలు అంతకుముందులాగే కనపడుతున్నాయా చూడండి. అన్నీ పెట్టుకుని ఒక గంట అక్కడే తిరగండి, కొట్టువాడు విసుక్కున్నా సరే. సెన్సర్‌లో చచ్చిన పిక్సెల్స్ ఎన్ని ఉంటే మార్చి ఇస్తారో, ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో డబ్బు కట్టకముందే బిల్లు మీద రాయించుకోండి.